గడియ ముక్కకు పత్యం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన. ఉదయం దీపం పెట్టి దణ్ణం పెట్టుకుని లేస్తున్నాను. అన్నయ్య ఫోను చేత్తో పట్టుకుని దేవుడిగది గుమ్మం అవతలే నిలబడిపోయింది. ఇంకా స్నానం కాలేదు కనుక లోపలికి అడుగు పెట్టలేదు.

"ఒసే, మీ అన్న ముక్కకి కూడా పత్యం పెట్టీసినారే," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. పత్యం అనే మాట మా ఇంట్లో అప్పటికి చాలాకాలంగా ఒకే అర్థంలో నడుస్తోంది. అన్నయ్యకు పక్షవాతం వచ్చాక డాక్టరు గారు ఉప్పు బాగా తగ్గించమన్నారు. వదిన పుట్టిల్లు నౌపడ. ఉప్పు మడుల పక్కన పెరిగిన మనిషి. "నౌపడ దాన్ని సేసుకుని సప్పిడి కూడు తింటన్నాడు, ఆ దేవుడికి ఏళాకోళం కాకపోతే ఏటిది" అని ఇంటికి వచ్చిన ప్రతివారితోనూ అంటుంది. అందుకని ముక్క అంటే చేపముక్క అనుకున్నాను.

"సేపా లేదు గీపా లేదు. ఆ తలుపు బొమ్మ ముక్క. గడియో గిడియో అంటారు కదా మీరిద్దరూ. కట్టలో ఇకనించి ఒకటే ఉండాలట. మూడు కుదరదట. ఇక్కడ రాసీసినారు సూడు. పొద్దున్నించి నొక్కతన్నాడు, ఆట తెరుసుకోటం లేదు."

ఫోను తీసుకుని చదివాను. అదే. వదిన ఇంగ్లీషు కూడబలుక్కుని చదివినా తప్పు చదవలేదు.

సంగతి తెలియాలంటే ఆట గురించి కొంచెం చెప్పాలి. ఫోనులో ఆడే కార్డుల ఆట అది. పేకాట కాదు, పందెం ఉండదు. వందల రకాల ముక్కలుంటాయి. ఒక్కోదాని మీద ఒక బొమ్మ, అది ఏం చేస్తుందో రెండు వాక్యాలు. వాటిలోంచి నలభై ఏరుకుని ఎవరి కట్ట వాళ్ళు కట్టుకోవాలి. ఒకే ముక్క మూడుదాకా పెట్టుకోవచ్చు. తరవాత ఎక్కడో ఉన్న మరో మనిషితో ఒకరి వంతు తరవాత ఒకరి వంతుగా ఆడాలి. ఎదుటివాళ్ళ ప్రాణం అయిపోయినా, వాళ్ళ కట్టలో తియ్యడానికి ముక్కలు అయిపోయినా మనం గెలిచినట్టు. ఏదైనా ముక్క మరీ బలంగా ఉండి ఆటను పాడుచేస్తోంది అనిపిస్తే ఆట నడిపేవాళ్ళు దాన్ని ఒకటికి తగ్గిస్తారు, లేదా పూర్తిగా తీసేస్తారు.

అన్నయ్య గరివిడిలో ఫేక్టరీ ఉద్యోగం చేసేవాడు. కుర్రతనంలో కేంటీనులో రమ్మీ ఆడుతున్నాడని తెలిసి అమ్మ సింహాద్రి అప్పన్న మీద ఒట్టు వేయించుకుంది, జన్మలో పేకముక్క పట్టకూడదని. ఆ ఒట్టు తప్పలేదు. ఫోనులో ఈ ఆట వచ్చాక మాత్రం, "ఇవి ముక్కలు కావే, కారుడులు" అని నాకు నచ్చజెప్పాడు. పందెం లేదని చూసుకున్నాక నేనూ నేర్చుకున్నాను.

నాకు ఏది నేర్పినా అన్నయ్యే నేర్పాడు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం గుండెదాకా వెళ్ళి నేను బడి గడప తొక్కలేదు. తను బడినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, ఆ రోజు విన్నదంతా మంచం పక్కన కూర్చుని నాకు చెప్పేవాడు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు అన్నీ నాకు ఆ నోటినుంచే వచ్చాయి. ఇంత చదువు పెట్టినందుకు భగవంతుడికీ అన్నయ్యకీ రోజూ ఒకే దణ్ణంలో చెప్పుకునేదాన్ని.

కట్ట కట్టడంలో అన్నయ్య మాట 'తూకం'. పెద్ద ముక్కలు ఎక్కువైతే మొదట్లోనే చావు, చిన్నవి ఎక్కువైతే చివర్లో చావు. ఒకప్పుడు కొరివి బొమ్మ ముక్క ఒకటి ఉండేది. అది పడితే ఎదుటివాడి పని అక్కడితో సరి. దాన్ని ఒకటికి తగ్గించినప్పుడు అన్నయ్య సంతోషించాడు.

"మంచి పని సేసినారు. ఒక్క ముక్కని సూసుకుని కట్ట కడితే అదేటి ఆటే? అది వచ్చిందా గెలిసినావు, రాలేదా ఓడినావు. మిగతా కట్టంతా ఎందుకు, విసురుకోడానికా?"

కట్ట చెడినవాళ్ళు ఏడుస్తున్నారని నేనంటే, "ఏడవనీ. మళ్ళీ కట్టుకుంటారు" అన్నాడు.

తరవాత పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, కాలు ఈడుస్తాడు, మాట పోయింది. ఒక్క మాట మిగిలింది. 'ఏటి'. ఆకలేస్తే ఏటి, ఫేను వెయ్యమంటే ఏటి, వద్దంటే ఏటి, నేను బాధపడుతున్నానని కనిపెట్టినా ఏటి.

విశాఖపట్నం ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి చాలా ఓపిక గలది. ఆమెది మన వైపు కాదు, దక్షిణాది జిల్లాల నుంచి వచ్చింది. అన్నయ్య ఏటి, ఏటి అంటుంటే ఆమె ముఖం వెలిగింది. "ఏరు గుర్తొస్తోందండీ ఆయనకి. ఏటి ఒడ్డున ఇల్లుండేదా?" అని అడిగి, పటాల పెట్టెలోంచి నది బొమ్మ తీసి అన్నయ్య ముందు పెట్టింది. అన్నయ్య దాన్ని చూసి మళ్ళీ "ఏటి?" అన్నాడు. "చూశారా, గుర్తుపట్టారు!" అందామె.

వదిన ఆగలేకపోయింది. "ఏరూ లేదు సెరువూ లేదు తల్లీ. ఏటంటే ఏటే. ఈ కాగితం నాకెందుకు సూపిస్తన్నావు, ఏటిది, అని అడుగుతన్నాడు."

ఆ అమ్మాయి నవ్వేసి, ఆ తరవాత తనూ ఏటి అనే పలకరించేది. ఆమె చల్లగా ఉండాలి. మాట మాత్రం రాలేదు.

ఆ రోజుల్లో నాకు పెద్దగా దుఃఖం కూడా కలగలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉండేది. దీపం పెట్టేదాన్ని, స్తోత్రం చదివేదాన్ని, కృతజ్ఞత చెప్పుకోవలసిన చోట చెప్పుకునేదాన్ని. నాలుక అలవాటుగా చెప్పేది. లోపలినుంచి ఏమీ వచ్చేది కాదు.

ఇంటికి వచ్చాక ఒకనాడు అన్నయ్య ఎడమచేతి చూపుడువేలితో ఫోను తెరిచి ఆటలోకి వెళ్ళాడు. ఎవరూ చెప్పలేదు, తనే వెళ్ళాడు. తనకు ఒక పాత కట్ట ఉండేది. గడియ కట్ట అని మేం పెట్టుకున్న పేరు. గడియ ముక్క మీద మూసిన తలుపు బొమ్మ ఉంటుంది. అది వేస్తే ఎదుటివాడు ఆ వంతులో మన మీదికి రాలేడు. మనం వాడేసిన ముక్కల్ని తిరిగి తెచ్చే ముక్కలు కూడా కట్టలో పెట్టుకుంటే, మూడు గడియలూ తిరిగి తిరిగి వస్తాయి. తలుపు తెరుచుకోదు. ఎదుటివాడి కట్ట ఖాళీ అయ్యేదాకా కూర్చోవడమే. ఒక వంతులో ఒకటే పని కనుక, ఒక్క వేలితో, ఆట ఇచ్చే సమయంలోనే అన్నయ్య చెయ్యగలిగేవాడు.

కానీ అందులోనూ ఆలోచన ఉంది. ఎదుటివాడు బలహీనంగా ఉన్నాడనిపిస్తే అన్నయ్య గడియ చేతిలో ఉన్నా వేసేవాడు కాదు, దాచుకునేవాడు. రెండు వంతుల తరవాత వాడు పెద్దది తెచ్చినప్పుడు వేసేవాడు. మొదటిసారి అది చూసినప్పుడు నేను వదినను వంటింట్లోంచి పిలిచాను.

"సూడు వదినా, అన్నయ్య ఆలోచిస్తన్నాడు."

వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు నిలబడింది. "ఉన్నాడన్నమాట లోపల," అని వెళ్ళిపోయింది.

లోపల తను ఉన్నాడని మాకు తెలిసే దారి అదొక్కటే. తింటాడు, నవ్వుతాడు, ఏటి అంటాడు. అవన్నీ ఎంతవరకు తెలిసి చేస్తున్నాడో డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు. ఆ ముక్క దాచుకోవడం మాత్రం తెలిసి చేసేదే. అందుకే వదిన ఆ ఉదయం పత్యం అన్నప్పుడు, సంగతి తెలిశాక, నేను ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

కారణం కూడా రాశారు. ఈ ముక్కవల్ల ఆట గంటలకొద్దీ సాగుతోందట. ఎదుటివాళ్ళు చేసేదేమీ లేక విసిగి మానేస్తున్నారట. పోటీల్లో అందరూ ఇదే కట్ట కడుతున్నారట. చదివితే న్యాయంగానే ఉంది. అన్నయ్యకు మాటే ఉంటే, మంచి పని సేసినారు అనేవాడేమో. కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. ఆట మొదలుపెట్టే బొత్తాం బూడిదరంగులో ఉంది. నొక్కుతున్నాడు, ఆగుతున్నాడు, నొక్కుతున్నాడు.

"అన్నయ్యా, గడియ ఒకటే పెట్టుకోవాలట. నువ్వు చెప్పేవాడివి కదా, తూకం తప్పిన ముక్క అని. దీన్నీ అలాగే చేసేరు."

"ఏటి."

"మూడు కాదు. ఒకటి."

"ఏటి."

అర్థమై అన్నాడో, కాక అన్నాడో తెలియలేదు. నాకొచ్చిన విద్యంతా పెట్టి కొత్త కట్ట కట్టాను. గడియ ఒకటి. దాన్ని వెతికి తెచ్చే ముక్కలు కొన్ని. అది రానప్పుడు దెబ్బ కాసుకోవడానికి చిన్న డాలు ముక్కలు. తూకం బాగానే కుదిరిందనిపించింది. తెచ్చి చూపించాను. అన్నయ్య ముక్కలన్నీ పైకీ కిందకీ జరిపి చూసి, ఎడమచేత్తో ఫోనును మంచం అంచుదాకా తోసేశాడు.

మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. కిటికీ వైపు తిరిగి పడుకునేవాడు. వదిన అన్నం కలిపి పెడితే తినేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు. ఏటి అనడం కూడా తగ్గిపోయింది. ఆదివారం అరసవల్లి సూర్యనారాయణ స్వామికి ఇంటినుంచే నమస్కారం చేసుకుంటూ, అన్నయ్యను మళ్ళీ మాకివ్వమని అడగబోయి ఆగాను. ఇచ్చిందానికి మాత్రం ధన్యవాదం చెప్పుకుని లేచాను. అడగడానికి కూడా కొంత వేడి ఉండాలి మనిషిలో.

ఆటలో ఒక మూల పాత పద్ధతి గది ఉందని తరవాత కనిపెట్టాను. అందులో ఈ తగ్గింపులేవీ ఉండవు, గెలిచినా లెక్కలోకి రాదు. ఎవరూ రారు. రోజూ పూజ అయ్యాక అందులో తలుపు తీసి, ఫోను అన్నయ్య పక్కన పెట్టి, నా పనికి నేను వెళ్ళేదాన్ని. చాలా రోజులు ఖాళీగానే ఉంది.

ఒకనాడు ఎవరో వచ్చారు. అన్నయ్య పాత కట్టతో మొదలుపెట్టాడు. గడియ, మళ్ళీ గడియ. వేలు నెమ్మదిగా కదులుతోంది. నేను పక్కన చిక్కుడుకాయలు తుంపుతున్నాను. మాటలు రాసుకునే గడిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట ఒకటి వచ్చింది. పైకి చదివాను.

"ఏటి మావా, కునుకు తీస్తన్నావేటి?"

అన్నయ్య తల ఇటు తిప్పాడు. ఎన్నాళ్ళ తరవాతో గట్టిగా, "ఏటి!" అన్నాడు. వంటింట్లోంచి వదిన, "ఎవుడాడు? మనోడేనా?" అని కేకేసింది.

మనవాడే. ఆ మాట చూశాక వేరే ఊరు అడగక్కర్లేదు. నేను జవాబు రాశాను. మా అన్నయ్యకు ఒక చెయ్యే ఆడుతుంది, మాట లేదు, ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దు అని.

అది చదివి వెళ్ళిపోతాడనుకున్నాను. జవాబు వచ్చింది.

"అలాగైతే నానూ ఎడం సేత్తోనే ఆడతాను. అప్పుడు తూకం సరిపోద్ది. కానీయ్ మావా."

ఆ రోజు అతని కట్ట ఖాళీ అయ్యేదాకా ఆట సాగింది. అన్నయ్య గెలిచాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఓడిపోయేవాడు, ఓడిపోతూ తిట్టేవాడు.

"సచ్చినా తలుపు తియ్యవేటి మావా? లోపల కోడికూర వండుకున్నావేటి?"

అది చదివితే వదిన, "ఉప్పు లేని కోడికూర. ఆడికే పెట్టు, రమ్మను" అంది. నేను అదీ రాశాను. "నాకొద్దు అత్తా, సముద్రమంత ఉప్పు నా దగ్గరుంది" అని జవాబు.

అలా కొంచెం కొంచెంగా తెలిసింది. భోగాపురం వైపు చేపలు పట్టే కుటుంబం. సగం ఏడాది గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తాడు. ప్రస్తుతం ఇంటి దగ్గరున్నాడు. పేరు అడగలేదు. అతనూ మా పేర్లు అడగలేదు. మావ, అత్త, నన్ను మాత్రం 'రాసే అక్క'. అంతే.

ఒకనాడు అడిగాడు, ఇంత బాగా ఆడే మనిషి ఈ ఖాళీ గదిలో ఎందుకున్నాడని. జరిగింది రాశాను. ఒక్క గడియతో ఆడనంటున్నాడని కూడా రాశాను.

వెంటనే జవాబు వచ్చింది. "అక్కా, ఏటనుకోకు. మూడు తలుపులేసుకుని కూకుంటే అది ఆట కాదు. మావ నన్ను ఆడనివ్వడం నేదు, నాను మావని ఆడనివ్వడం నేదు. రేపట్నించి నాను కొత్త గదిలోనే ఉంటాను. ఒక్క తలుపెట్టుకుని రమ్మను."

నేను అది అన్నయ్యకు చదివి వినిపించాను. మెత్తగా మార్చి చెప్పబోయి, మార్చకుండానే చదివాను. వదిన మండిపడింది. "ఆడికేటి పోయింది? రోగిస్టి మనిషితో పంతాలేటి? రాయే, రాకపోతే పొమ్మని రాయి!" నేను రాయలేదు.

మర్నాడు పాత గదిలో తలుపు తీసి పెట్టాను. అతను రాలేదు. అవతలి గదిలో అతని గుర్తు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంది. వేరేవాళ్ళతో ఆడడం లేదు. ఊరికే ఉన్నాడు. అన్నయ్య ఆ చుక్కను చూస్తూ పడుకున్నాడు. నేను బియ్యం ఏరడానికి కూర్చున్నాను. అటు చూడకూడదనుకున్నాను. వదిన రెండుసార్లు వచ్చి చూసి, నా మీద విసుక్కుని వెళ్ళింది.

కొంతసేపటికి ఆట మొదలైన చప్పుడు వినిపించింది. లేచి చూశాను. పాత గదిలో కాదు. నేను కట్టిన కట్టనే తీసుకున్నాడు. కానీ అది నేను కట్టినట్టు లేదు. నేను పెట్టిన డాలు ముక్కల్లో రెండు తీసేసి, వాటి చోట ఎదుటివాడి మీదికి వెళ్ళే ముక్కలు రెండు పెట్టుకున్నాడు. ఎప్పుడు మార్చాడో తెలియదు. చూస్తే అదే సరైన తూకం. నాది భయంతో కట్టిన కట్ట.

ఆ ఆటలో గడియ రానే లేదు. అన్నయ్య త్వరగానే ఓడిపోయాడు. "ఇదీ ఆటంటే!" అని గడిలో వచ్చింది. అన్నయ్య దాన్ని నాచేత చదివించుకోకుండానే 'మళ్ళీ' అనే బొత్తాం నొక్కాడు.

నాకు సంతోషం కలగాలి. వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను దేవుడిగదిలోకి వెళ్ళి, నీకు కృతజ్ఞతలు స్వామీ అన్నాను. చెప్పి, నాకేమనిపిస్తోందో అని కాసేపు ఆగి చూసుకున్నాను. ఏమీ అనిపించలేదు. చెప్పవలసింది చెప్పానుగదా అని బియ్యం దగ్గరికి వచ్చేశాను.

ఆ తరవాత కొన్నాళ్ళపాటు రోజూ ఆడుకున్నారు. అన్నయ్య ఎక్కువసార్లు ఓడేవాడు, అప్పుడప్పుడు గెలిచేవాడు. గడియ వచ్చినా వెయ్యకుండా చివరిదాకా దాచుకున్న ఆటలు కొన్ని నేను చూశాను. అతను దానికి తిట్టేవాడు. "దొంగ మావా, దాసీసినావేటి!" అన్నయ్య దానికి ఏటి, ఏటి, ఏటి అని గొంతులో నవ్వు ఆడించేవాడు.

ఒక ఉదయం రాశాడు. "ఎలిపోతన్నాను మావా. రైలెక్కుతన్నాను, అక్కణ్ణించి బోటు. సముద్రంలో ఫోను పలకదు. నువ్వు ఎవుళ్లతోటైనా ఆడు, ఆపీకు. అత్తా, కోడికూర బాకీ."

నేను జాగ్రత్తగా వెళ్ళి రమ్మని రాశాను. ఆ తరవాత పచ్చచుక్క ఆరిపోయింది. ఆరేళ్ళయిందా అంటే కాదు, ఏడాది కూడా కాలేదు. తిరిగి రావలసిన కాలం అయితే వచ్చి వెళ్ళింది. కొత్త పని దొరికి ఉండిపోయాడో, ఫోను పోయిందో, ఆట మీద మనసు పోయిందో. పేరు తెలియదు కనుక ఎవరినీ అడగలేం. వార్తల్లో బోటు మాట వినిపిస్తే వదిన టీవీ గొంతు పెంచుతుంది. నేను లేచి వెళ్ళిపోను, వింటాను. ఇంతవరకూ అతనిదని అనుకోవలసింది ఏదీ రాలేదు.

అన్నయ్య మాత్రం ఆపలేదు. రోజూ ఎవరో తెలియనివాళ్ళతో కొత్త గదిలోనే ఆడుతున్నాడు. ఆలస్యమైందని కొందరు మధ్యలో వెళ్ళిపోతారు. కొందరు ఉంటారు. వాళ్ళకీ నా నమస్కారం.

ఇది చదివినవారిని నేను కోరేది ఒక్కటే. మీరు ఏ దేవుణ్ణి కొలుస్తారో నాకు తెలియదు, ఏ వేళలో దణ్ణం పెట్టుకుంటారో తెలియదు. ఆ వేళకి మీవాళ్ళ పేర్లన్నీ చెప్పుకోవడం అయ్యాక, పడమటి సముద్రం మీద పనికి వెళ్ళిన ఆ భోగాపురం వైపు మనిషిని కూడా తలుచుకోండి. పేరు లేకపోయినా పరవాలేదు. మా అన్నయ్యతో ఆడినవాడు అనుకోండి, చాలు.